ఇంటిదొంగను పట్టించిన అర సెకను

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. 2024 మార్చిలో మాత్రం అలాంటి దొంగ ఒకడి గుట్టు బయటపడింది. బయటపెట్టింది పోలీసులు కాదు, కోట్లు పోసి కొన్న సెక్యూరిటీ సాఫ్ట్‌వేరూ కాదు. అర సెకను ఆలస్యం ఎందుకవుతోందో తేలేదాకా నిద్రపట్టని ఓ ఇంజినీరు.

మా సాఫ్ట్‌వేర్ రంగంలో రోజుకో హ్యాకింగ్ వార్త వస్తుంది, మర్నాటికి మర్చిపోతాం. ఈ ఒక్కదాన్ని మాత్రం ఉద్యోగంలో కొత్తగా చేరే ప్రతి కుర్రాడికీ చెప్పాలంటాను. ఎందుకో మీరే చదవండి.

ఎక్స్‌జెడ్ యుటిల్స్ అని ఓ చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది. పెద్ద ఫైళ్లను కుదించి చిన్నవి చేయడమే దాని పని. పేరు మీరు విని ఉండరు. కానీ లైనక్స్ రకాలన్నింటిలో దాదాపుగా అది ఉంటుంది. మీరు రోజూ తెరిచే వెబ్‌సైట్లలో ఎక్కువ భాగం నడిచేది లైనక్స్ సర్వర్ల మీదే. అంత ముఖ్యమైన దాన్ని చూసుకునేది ఏ పెద్ద కంపెనీయో అనుకుంటాం కదా? కాదండీ. ఫిన్లాండ్‌కు చెందిన లాస్సె కాలిన్ అనే డెవలపర్ ఏళ్ల తరబడి దాన్ని దాదాపు ఒంటిచేత్తో లాక్కొచ్చాడు. జీతం లేదు, అదంతా సొంత ఆసక్తితో చేసిన పనే.

2021 చివర్లో జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చి చిన్న చిన్న మార్పులు రాసి పంపడం మొదలుపెట్టారు. బుద్ధిమంతుడిలా, అడిగిన పని చేసిపెడుతూ. 2022లో ఇంకొన్ని కొత్త పేర్లు దిగాయి. పని నెమ్మదిగా సాగుతోందని, ఇంకొకరికి అప్పగించరాదా అని కాలిన్‌ను సతాయించాయి. వాటిలో జిగర్ కుమార్ అనే పేరు కూడా ఉంది. పేరు చూసి మనవాడే అనుకోవద్దు, అలాంటి మనిషి అసలున్నాడో లేడో! అడిగేవాడికి చెప్పేవాడు లోకువ. తనకు చాలాకాలంగా మానసిక ఆరోగ్య సమస్యలున్నాయని, ఇది డబ్బురాని పని అని కాలిన్ చెప్పుకున్నాడు. అయినా ఒత్తిడి ఆగలేదు. చివరికి సాయానికి వచ్చిన జియా టాన్ చేతికే తాళాలు వెళ్లాయి.

2024 ఫిబ్రవరిలో 5.6.0 వెర్షన్ వచ్చింది. అందులో దొంగదారి ఉంది. దాన్ని పరీక్షల కోసం పెట్టినట్టు కనిపించే ఫైళ్లలో దాచారు. దాన్ని మేల్కొలిపే స్క్రిప్టును అందరూ చదివే కోడ్‌లో పెట్టకుండా, విడుదల చేసే ప్యాకేజీలో మాత్రమే కలిపారు. సర్వర్లలోకి దూరం నుంచి లాగిన్ కావడానికి మేం వాడే ఎస్ఎస్‌హెచ్ అనే దాని మీద గురి. కొన్ని లైనక్స్ రకాల్లో ఎస్ఎస్‌హెచ్‌కీ, ఈ కుదింపు లైబ్రరీకీ మధ్యలో ఇంకో ప్రోగ్రామ్ ద్వారా చుట్టరికం ఉంది. ఆ చుట్టరికమే దారి అయింది. దొంగ దగ్గరున్న రహస్య తాళంచెవితో ఎవరి పాస్‌వర్డూ లేకుండానే సర్వర్‌లో ఏ ఆదేశమైనా నడపొచ్చు. తీవ్రతలో దీనికి 10కి 10 మార్కులు వేశారు.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ మైక్రోసాఫ్ట్‌లో ఇంజినీరు. డేటాబేస్ వేగాన్ని కొలుస్తుంటే, ఎస్ఎస్‌హెచ్ ఉండాల్సినదానికంటే ఎక్కువగా ప్రాసెసర్‌ను తినేస్తోందని గమనించాడు. 0.3 సెకన్లలో కావాల్సిన లాగిన్‌కు 0.8 పడుతోంది. చాలామంది భుజాలెగరేసి వదిలేసేవాళ్లు. అతను తీగ లాగాడు, డొంకంతా కదిలింది. మార్చి 29న వివరాలన్నీ బయటపెట్టాడు. అప్పటికి ఆ వెర్షన్ ఎక్కువగా డెబియన్, ఫెడోరా లాంటి వాటి పరీక్షల వెర్షన్లలోకే చేరింది. ఉబుంటు వాళ్లు 24.04 బీటాను వారం వాయిదా వేసి, ప్యాకేజీలన్నీ మళ్లీ తయారు చేసుకున్నారు. జియా టాన్ ఎవరో ఇప్పటికీ తేలలేదు.

ఇది చదివి 'ఉచిత సాఫ్ట్‌వేర్ అంటే ఇంతే' అనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. కోడ్ తెరిచి చూసే వీలుంది కాబట్టే ఫ్రాయిండ్ దొంగను పట్టుకోగలిగాడు. కానీ 'అందరికీ కనిపిస్తుంది కాబట్టి ఎవరో ఒకరు చూస్తారులే' అనే నమ్మకం మాత్రం ఉత్త భ్రమ. 2014లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ లోపం అప్పటికి రెండేళ్లుగా ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో ఉంది. 2021 డిసెంబరులో ప్రపంచాన్ని పరుగులు పెట్టించిన లాగ్‌ఫోర్‌జేను చూసుకునేది వలంటీర్లే. ఊరందరి చెరువుకు పూడిక తీసేవాడు ఒక్కడే అయితే గట్టు ఎన్నాళ్లుంటుంది?

హైదరాబాద్, బెంగళూరు ఆఫీసుల్లో మేం రాసే ప్రతి అప్లికేషన్ కింద ఇలాంటి ఉచిత లైబ్రరీలు వందల్లో ఉంటాయి. ఒక్క కమాండ్ కొడితే వచ్చి పడతాయి. అవి ఎవరు రాశారు, ఇప్పుడెవరు చూస్తున్నారు అని అడిగే మీటింగ్ నేనింతవరకూ చూడలేదు. ఎన్ని టికెట్లు క్లోజ్ చేశావన్నదే లెక్క. అర సెకను తేడాని తవ్వుతూ రెండ్రోజులు కూర్చుంటే అప్రైజల్‌లో దానికి గడి కూడా ఉండదు.

ఇంకో విషయం సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేనివాళ్లకి కూడా. కాలిన్ మీద వాడిన ఎత్తు, మీకు ఫోన్ చేసి 'డిజిటల్ అరెస్ట్' అని బెదిరించేవాడు వాడే ఎత్తు, రెండూ ఒక తానులో ముక్కలే. ముందు తొందరపెట్టి ఊపిరాడకుండా చేస్తారు, తర్వాత సాయం చేస్తామంటారు. అలిసిపోయిన మనిషి దగ్గర ఏ తాళమూ నిలవదు.

అప్‌డేట్‌తోనే దొంగ వచ్చాడు కదా, ఇక ఫోన్ అప్‌డేట్ చేయడం మానేయాలా అని మా బాబాయి అడిగాడు. మానొద్దు. 2017 మేలో వన్నాక్రై దాడి జరిగినప్పుడు మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే మందు విడుదల చేసింది. వేసుకోని కంప్యూటర్లే చాలావరకు బలయ్యాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవి కూడా ఉన్నాయి. ఎప్పుడో ఒకసారి వచ్చే ఇంటిదొంగకు భయపడి వీధి తలుపు తెరిచి పెట్టుకోం కదా.

కంపెనీలు చేయాల్సింది పెద్దదేం కాదు. ఏ ఉత్పత్తిలో ఏ ఉచిత లైబ్రరీలు కలిశాయో జాబితా రాసుకోవాలి. వాటిలో కీలకమైన వాటికి ఏటా కొంత సొమ్మో, తమ ఇంజినీర్ల పనిగంటలో ఇవ్వాలి. లాభాలు మనకి, చాకిరీ ఎక్కడో ఒంటరిగా కూర్చున్న మనిషికి అంటే కుదరదు.

ఈసారి అదృష్టం కలిసొచ్చింది, ఒప్పుకోవాలి. ఫ్రాయిండ్ ఆ రోజు ఇంకో పనిలో ఉంటే కథ వేరేలా ఉండేది. అందుకే మేనేజర్లకు ఒక్క మాట: మీ టీమ్‌లో ఎవరైనా 'ఇది ఎందుకో కాస్త నెమ్మదించిందండీ' అంటే 'తర్వాత చూద్దాంలే' అనకండి. 'చూడు, రెండ్రోజులు తీసుకో' అనండి.