గోడకు రంగు, పురుగుకు ఆకు

భాద్రపదము వెళ్ళి ఆశ్వయుజము వచ్చుసరికి నల్లగొండ, పాలమూరు సీమలలో రెండు పనులు ఒక్కమారే సాగుచుండును. ఇంటివారు సున్నపు బకెట్టుతో, కుంచెతో గోడల కడకు చేరుదురు. పెరటిలోని గొంగళిపురుగులును ఆ గోడల కడకే చేరును. వీరికి దసరా పండుగ దగ్గరపడినది. వానికి రెక్కలు వచ్చు కాలము దగ్గరపడినది. వానలకు చిగిర్చిన కల్యామాకునో, నిమ్మాకునో కడుపార మేసిన పురుగు ఇక మేత చాలించి, కదలక మెదలక యుండుటకు తగిన తావు వెదకుకొనుచు కిటికీ క్రిందికో, చూరు మూలకో ప్రాకిపోవును. అచ్చట నడుమునకు ఒక సన్నని పట్టుదారము చుట్టుకొని, పాత చర్మము విడిచి, కోశముగా మారును. రెండు మూడు దినములలో కుంచె ఆ మూలకు వచ్చును. దుమ్ము దులుపు చీపురు అంతకు ముందే వచ్చును.

ఆ కోశమునకును రంగున్నది. నిమ్మజాతి చెట్లను ఆశ్రయించు సీతాకోకచిలుకల కోశములు రెండు వన్నెలలో కానవచ్చును. నున్నని లేతకొమ్మను ఆనుకొన్నది ఆకుపచ్చగా నుండును. ఎండుకట్టెనో గరుకుగోడనో ఆనుకొన్నది గోధుమవన్నెకు దిరుగును. ఒకే తల్లి పెట్టిన గ్రుడ్లలోనైనను ఇట్లే జరుగును. ఇందు పురుగునకు ముఖ్యముగా తోడ్పడునది కన్ను కాదు, స్పర్శ. ఆనిన తావు నునుపా, గరుకా యనుటయే వన్నెను చాలవరకు తేల్చును. ఐరోపాలోని వేఱు జాతులను ఎడ్వర్డు పౌల్టను అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రంగురంగుల పరిసరములలో నుంచి, కోశపు వన్నె పరిసరమును బట్టి మారుటను 1887లో ప్రకటించెను. ఇంటికి ఏ రంగు వేయుదమా యని నెలల తరబడి తర్కించు గృహస్థునికన్న ఈ పురుగు త్వరగా నిర్ణయించుకొనును. దాని ప్రాణము ఆ నిర్ణయము మీదనే యున్నది మఱి.

ఈ సీమలోని గృహస్థుడును ఒకప్పుడు రంగు కొఱకు ఎక్కువ దూరము పోలేదు. నల్లగొండ యను పేరే ఒక రంగు పేరు. ఆ ఊరిని పూర్వము నీలగిరి యనియు పిలిచిరి. కాలి క్రింద ఎఱ్ఱ చల్కలు, కంటి యెదుట బోడికొండలు. ఆ మన్నునుండి జాజు వచ్చినది. గోడకు సున్నము, గోడ అడుగున జాజు పట్టీ, నేలకు పేడ అలుకు, గడపకు పసుపు - ఈ నాలుగింటితో ఇల్లు పండుగ చేసికొనెడిది. ఇందు శాస్త్రమును గలదు. సున్నపురాయిని కాల్చి, నీరు చల్లి, గోడకు పూయుదురు. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మరల రాయి యగును. కావున తెల్లని గోడపై నున్నది రంగు కాదు, పలుచని రాతిపొర. ఆ పొరలో ఇమిడి చెడకుండ నిలుచునవి మట్టిరంగులే. జాజులోని ఇనుపధాతువును సున్నపు క్షారము ఏమియు చేయలేదు. చెట్టునుండి వచ్చిన రంగు అట్లు నిలువదు. పసుపు సున్నముతో కలిసినంతనే ఎఱ్ఱబారును. పెండ్లిలో కాళ్ళకు పెట్టు పారాణి ఇట్లు పుట్టినదే. గడపకు పూసిన పసుపు ఎండకు వెలిసిపోవును గనుక ప్రతి పండుగకును మరల పూయక తప్పదు.

జాజు ఒక్క ఈ సీమ సొత్తు కాదు. ఐగుప్తు దేశములో నెబామును అను ఉద్యోగి సమాధిగోడలపై క్రీస్తుకు పూర్వము సుమారు 1350 నాటి చిత్రములు కొన్ని దొరకినవి; ఇప్పుడవి లండనులోని బ్రిటిషు మ్యూజియములో నున్నవి. నీటిరెల్లులో పక్షులను వేటాడు దృశ్య మందొకటి. పక్షుల నడుమ సీతాకోకచిలుకలు ఎగురుచుండును. వానిని శాస్త్రజ్ఞులు గుర్తుపట్టిరి: నారింజవన్నె రెక్కలు, నల్లని అంచు, కొనలయందు తెల్లచుక్కలు గల జాతి యది. పాలమూరు బాటల ప్రక్కన జిల్లేడు పొదలపై నేడును ఎగురుచున్నది ఆ జాతియే. మూడు వేల యేండ్లకు పూర్వము మట్టిరంగులతో గోడకెక్కిన ఆ చిలుకను చూచుటకు ఇచ్చటి బడిపిల్లవాడు లండను పోనక్కరలేదు. బడి వెనుకకు పోయిన చాలును. దాని నారింజవన్నె అలంకారము కొఱకు కాదు. పురుగుగా నున్నప్పుడు జిల్లేటిపాలలోని విషమును ఒంట దాచుకొని, తన్ను తినవలదని పక్షులకు చేయు హెచ్చరిక యది. ఒకమారు రుచి చూచిన పక్షి మరల దాని జోలికి సామాన్యముగా పోదు.

నేడు రంగులు అంగడిలో పుస్తకముగా దొరకును. నూర్ల కొలది చీటీలు త్రిప్పి, గదికొక రంగు నేరుకొందురు. ఏరుకొనుట తప్పు కాదు. కాని చీటీపై రంగు గోడపై రంగు కాదని మాత్రము తెలియవలెను. అరచేయి యంత చీటీలో లేతగా కనబడినది నాలుగు గోడలకును పట్టించినచో ముదిరిపోవును. ఒక గోడమీద చాపంత మేర పూసి, ఉదయము, మధ్యాహ్నము, దీపపు వెలుతురున మూడుమార్లు చూచి నిర్ణయించుట మేలు. పాలమూరు ఎండలకు మిద్దెపై తెలుపును మించినది లేదు. 2023లో తెలంగాణ ప్రభుత్వము ప్రకటించిన చల్లని పైకప్పుల విధానమునకును ఆధారమిదియే. ఇక పసిపిల్లలున్న ఇంట మఱియొక జాగ్రత్త. వెనుకటి నూనెరంగులలో, ముఖ్యముగా మెఱయు పసుపు, ఎఱుపులలో, సీసము కలుపుచుండిరి. 2017 నవంబరు 1 నుండి ఇండ్ల రంగులలో సీసము పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని మన దేశమున నిబంధన యున్నది. పాత తలుపుల రంగు గీకునప్పుడు ఆ పొడి పిల్లల నోటికి పోకుండ చూడవలెను.

వంటింటి గట్టు సంగతి వేఱు. అచ్చట రంగుకన్న ముందు పులుపును గూర్చి ఆలోచింపవలెను. తాండూరు బండ, షాబాదు బండ, కడప రాయి - ఇవన్నియు సున్నపురాళ్ళ జాతివి. చింతపులుసు ఒలికినను, నిమ్మచెక్క బోర్లించి మరచినను మెఱుగు పోయి మచ్చ పడును. పులుసు లేని తెలుగు వంటిల్లు ఎక్కడ నున్నది? ఈ సీమ కొండలదైన గ్రానైటు ఆ పులుపులకు లొంగదు. గులాబివన్నె రాతిలో ఆ వన్నె ఫెల్డుస్పారు అను ఖనిజముది. నల్ల గ్రానైటని అంగడిలో అమ్మునది నిజమునకు గ్రానైటు కాదు. పాత రాతి పగుళ్ళలోనికి కరిగిన రాయి పొంగి గట్టిపడినది. నల్లని గట్టు మురికిని దాచును, లేతగట్టు పసుపు మరకను చాటును. వెలుతురు తక్కువైన వంటింట గట్టు నలుపైనప్పుడు గోడలైనను లేతగా నుండవలెను.

గోడకు తగిన రంగు కుదిరిన పిమ్మట గృహస్థుని దృష్టి పెరటిపై పడును. గోడకు నప్పునట్లు కాగితపుపూల తీగ, క్రోటన్లు, కుండీలలో విదేశపు పూలు తెచ్చి నాటి, సీతాకోకచిలుకలు వచ్చునని ఎదురుచూచును. తేనె గల పూవున్నచో వచ్చును, త్రాగును, పోవును. అది అతిథి మర్యాద మాత్రమే. అవి అచ్చట పుట్టి పెరుగవలెనన్నచో పూవు చాలదు, ఆకు కావలెను. అదియు ఏదో ఒక ఆకు కాదు. జిల్లేటి పురుగును కల్యామాకుపై నుంచినచో ఆకలితో చచ్చును గాని దానిని ముట్టదు. బతుకమ్మకు తల్లులు కోసి తెచ్చు తంగేటిపూవు కొమ్మలనే తెల్లని చిలుక యొకటి గ్రుడ్లకు ఎన్నుకొనును. రేలచెట్టు దాని దాయాదులకు నెలవు. ఈ చెట్లను నాటుట సుళువు. వాని ఆకులు తినబడుచుండగా చూచి యూరకుండుట కష్టము. చిల్లులు పడిన కల్యామాకు కొమ్మను చూచినంతనే మందుసీసా జ్ఞాపకము వచ్చును. ఆకు చెడని తోటలో చిలుక పుట్టదు.

ఈ రెండు జిల్లాల చల్కలలో ఒకప్పుడు ఆముదము విస్తారముగా పండెడిది. నేడు చాలచోట్ల పత్తి ఆ తావు నాక్రమించినది. ఆముదపాకును మేసి పెరుగు సీతాకోకచిలుక యొకటి గలదు. పురుగు ఒడలెల్ల ముండ్లు. చిలుక రెక్కలు మాత్రము అచ్చముగా జాజువన్నె; వానిపై అలలవలె నల్లని గీతలు. అలికిన గోడపై వ్రాలినచో కనిపెట్టుట కష్టము. చేలలో ఆముదము తగ్గినను పెరటి కంచె ప్రక్కన రెండు మొక్కలు నిలుపుటకు ఎవరికి అడ్డము?

తెలుపు, పసుపు చిలుకల వన్నెకు ఇంకొక చరిత్ర గలదు. ఆ రెక్కలలోని రంగుపదార్థములను హాప్కిన్సు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 19వ శతాబ్ది చివరి దశాబ్దములలో పరిశోధించెను. రెక్క యను అర్థము గల గ్రీకు మాటనుండి వానికి టెరిన్లను పేరు వచ్చినది. పిమ్మట, రక్తహీనతకు మందైన ఫోలికామ్లములోను ఈ టెరిన్ల చట్రమే యున్నదని తేలినది. ఆ ఆమ్లమును 1945లో అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో సంశ్లేషించిన బృందమునకు నాయకుడు భీమవరమున పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. తంగేటిపొదపై తిరుగు చిలుక రెక్కకును, గర్భిణులకు ఆస్పత్రిలో ఇచ్చు మాత్రకును గల ఈ చుట్టరికమును పాఠముగా చెప్పినచో విద్యార్థులు మరువరు.

బడిలో పెంచదలచిన ఉపాధ్యాయులకు పెద్ద సామగ్రి అక్కరలేదు. దోమతెర కప్పిన అట్టపెట్టె చాలును. పురుగున్న కొమ్మను నీటిసీసాలో నిలిపి, పురుగు నీట పడకుండ సీసా మూతిని దూదితో మూయవలెను. దినదినము లేత ఆకు మార్చి, రెట్టను తీసివేయవలెను. జిల్లేటిపాలు కంటికి మిగుల హాని గనుక ఆ కొమ్మను పెద్దలే త్రుంచవలెను. నిమ్మపురుగు మొదట పక్షిరెట్టవలె నుండి, పెరిగి ఆకుపచ్చనగును. తాకినచో తలవెనుకనుండి నారింజవన్నె కొమ్ములు చాచి ఘాటైన వాసన విడుచును. పిల్లలు దీనికి నవ్వక మానరు. గ్రుడ్డునుండి రెక్కలవరకు సుమారు నెల పట్టును.

ఇక పండుగ సున్నము. గోడనంతను ఆపనక్కరలేదు. కుంచె పట్టుటకు ముందు చూరు మూలలు, కిటికీ అడుగులు ఒకమారు చూచి, కోశమున్న చోట జానెడు మేర విడిచినచో చాలును. దానిని పెరికి వేఱొకచోట అంటింపరాదు. దారము తెగినచో చిలుక వంకరగా పుట్టవచ్చును. పది పండ్రెండు దినములు గడచిన పిమ్మట కోశము పలుచబడి, లోపలి రెక్కల నలుపు, పసుపు పైకి తోచును. అప్పుడు మరునాటి ఉదయము కనిపెట్టి యుండవలెను. బయటికి వచ్చిన చిలుక ముడుతలు పడిన రెక్కలను వ్రేలాడదీసి, గంటసేపు ఆరబెట్టుకొని, కడుపులో మిగిలిన మురికినీటి నొక చుక్కగా విడిచి ఎగిరిపోవును. ఆ జానెడు మేరకు సున్నము అప్పుడు వేసికొనవచ్చును.