అటు ఈలం... ఇటు తమిళనాడు

తమిళుల ఆధునిక చరిత్రలో 1956 ఒక కూడలి. ఆ ఏడాది జూన్‌లో శ్రీలంక (అప్పటికింకా సిలోనే) ప్రభుత్వం సింహళాన్ని ఏకైక అధికార భాషగా చేసే బిల్లును సభలో పెట్టింది. అదే రోజు కొలంబోలోని గాల్ ఫేస్ మైదానంలో సత్యాగ్రహానికి కూర్చున్న తమిళ నాయకులను అల్లరిమూక చితకబాదింది. అయిదు నెలలు తిరక్కుండానే, నవంబరు 1న, భారతదేశం భాషను బట్టి తన రాష్ట్రాల హద్దులు తిరిగి గీసుకుంది. రెండు నేలల మధ్య ఇరుకైన చోట సముద్రం ముప్పై కిలోమీటర్లకు మించదు. అటుపక్క ఇరవై ఏళ్లకు ప్రత్యేక దేశం తీర్మానం వచ్చింది, మరో ఏడేళ్లకు యుద్ధం వచ్చింది. ఇటుపక్క ఒకప్పుడు ప్రత్యేక దేశం అడిగిన పార్టీయే పదకొండేళ్లకు ముఖ్యమంత్రి కుర్చీ ఎక్కింది. తమిళులకు భాషాభిమానం పాలు ఎక్కువ, అది ముదిరి వేర్పాటు అవుతుందని మనవాళ్లలో ఒక మాట వాడుకలో ఉంది. అదే నిజమైతే ముందు విడిపోవాల్సింది మద్రాసు. వేర్పాటును పెంచి పోషించింది భాష కాదు, తాను చేసిన సంతకాన్ని తానే చెరిపేసుకునే రాజ్యమని చరిత్ర చెబుతోంది.

మద్రాసు సంగతే ముందు చూద్దాం. పెరియార్ 1930ల చివర్లోనే ద్రావిడనాడు నినాదం ఎత్తుకున్నారు. 1949లో పుట్టిన డీఎంకే దాన్ని అందిపుచ్చుకుంది. 1962 మే నెలలో అన్నాదురై రాజ్యసభలో చేసిన తొలి ప్రసంగంలోనే స్వయం నిర్ణయాధికారం అడిగారు. ఆ మాట అన్నందుకు ఆయనను ఎవరూ జైల్లో పెట్టలేదు, ఆయన సభ్యత్వమూ పోలేదు. చైనా యుద్ధం, ఆ వెంటనే వేర్పాటు ప్రచారానికి కళ్లెం వేసిన 1963 నాటి పదహారో రాజ్యాంగ సవరణ డీఎంకే చేత ఆ నినాదాన్ని వదిలించాయన్నది అందరూ చెప్పే కారణం. అది సగం నిజమే. మిగతా సగంలో తెలుగువాళ్లున్నారు. పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరులో ప్రాణం వదిలింది మద్రాసులోనే. మరుసటి ఏడాది ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, ఆ తర్వాత కన్నడిగులకు, మలయాళీలకు ఎవరిల్లు వారికి ఏర్పడింది. ఇక ద్రావిడనాడులో మిగిలిందెవరు? భాషా రాష్ట్రాలంటే నెహ్రూకు ఏమంత ఇష్టం లేదు, దేశం ముక్కలవుతుందని భయపడ్డారు. భయపడుతూనే ఒప్పుకున్నారు, ఒప్పుకున్న తర్వాత వెనక్కి తీసుకోలేదు. 1965లో హిందీ ఏకైక అధికార భాష కాబోతుందన్నప్పుడు మద్రాసు రాష్ట్రం భగ్గుమంది. అధికార లెక్కల్లోనే దాదాపు 70 మంది చనిపోయారు. కేంద్ర మంత్రులు సి.సుబ్రమణ్యం, ఓ.వి.అళగేశన్ రాజీనామాలిచ్చారు. ఇంగ్లిషు కొనసాగుతుందని ప్రధాని శాస్త్రి రేడియోలో మాటిచ్చారు. 1967లో ఆ మాట చట్టంలోకి ఎక్కింది. అదే ఏడాది అన్నా ముఖ్యమంత్రి అయ్యారు, 1969 సంక్రాంతినాటికి రాష్ట్రం పేరే తమిళనాడు అయింది.

ఇప్పుడు అటు చూద్దాం. స్వతంత్రం వచ్చిన 1948లోనే సిలోను పౌరసత్వ చట్టం చేసి, తేయాకు తోటల్లో పనిచేసే ఏడు లక్షల మంది తమిళులను ఏ దేశానికీ చెందనివాళ్లుగా చేసింది. అప్పట్లో జాఫ్నా తమిళులెంతమందో వీళ్లూ దాదాపు అంతమందే. జాఫ్నా నాయకత్వం చీలిపోగా, దీన్ని సహించలేని చెల్వనాయకం ఫెడరల్ పార్టీ పెట్టారు. ఆయన అడిగింది సమాఖ్య, దేశం కాదు. 1957 జులైలో ప్రధాని బండారనాయకే ఆయనతో ఒప్పందం చేసుకున్నారు. ప్రాంతీయ మండళ్లు ఏర్పడతాయి, భూముల మీద, వలసల మీద వాటికి అధికారముంటుంది, ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో పాలన తమిళంలో సాగుతుంది. సమాఖ్య డిమాండును పక్కనబెట్టి చెల్వనాయకం దీనికి దిగివచ్చారు. ప్రతిపక్షం నుంచి జె.ఆర్.జయవర్ధనే ఒప్పందానికి వ్యతిరేకంగా కాండీకి పాదయాత్ర కట్టారు. 1958 ఏప్రిల్‌లో బౌద్ధ భిక్షువులు ప్రధాని ఇంటి ముందు బైఠాయించారు, రద్దు చేస్తున్నానని రాతపూర్వకంగా ఇస్తేగానీ లేవలేదు. మే నెలలో దేశమంతా తమిళుల మీద దాడులు జరిగాయి. ఆ మరుసటి ఏడాది బండారనాయకేను కాల్చి చంపిందీ ఒక భిక్షువే. 1965లో మరో ప్రధాని డడ్లీ సేననాయకే చెల్వనాయకంతోనే రెండో ఒప్పందం చేసుకున్నారు. ఈసారి జిల్లా మండళ్లన్నారు. మూడేళ్లకు అదీ అటకెక్కింది. ఒక పార్టీ కుదుర్చుకుంటే మరో పార్టీ చెడగొట్టడం, పాత్రలు మారాక మళ్లీ అదే ఆట. ఈ ఆటలో ఓడింది చెల్వనాయకం ఒక్కరే కాదు, అడిగితే దొరుకుతుందన్న నమ్మకం కూడా.

ఆ నమ్మకం స్థానంలో ఏమొచ్చిందో డెబ్బయ్యో దశకం చెబుతుంది. యూనివర్సిటీ ప్రవేశాల్లో తమిళ మాధ్యమం విద్యార్థి ఎక్కువ మార్కులు తెచ్చుకోవాల్సి వచ్చింది. 1972 రాజ్యాంగం బౌద్ధానికి అగ్రస్థానమిచ్చి, మైనారిటీలకున్న పాత రక్షణను తీసేసింది. ఒక భాష అంటే రెండు దేశాలవుతాయని 1956లో హెచ్చరించిన వామపక్ష నాయకుడు కాల్విన్ ఆర్. డిసిల్వా చేతుల మీదుగానే ఆ రాజ్యాంగం తయారవడం ఆ దేశ రాజకీయాల్లోని చేదు హాస్యం. 1976 మేలో వట్టుకోట్టై తీర్మానం మొదటిసారి ప్రత్యేక దేశం, అంటే ఈలం, కోరింది. మరుసటి ఏడాది ఆ కోరికతో పోటీచేసిన తమిళ ఐక్య విమోచన కూటమి 18 స్థానాలు గెలిచి ప్రధాన ప్రతిపక్షమైంది. అప్పటికీ దారి మూసుకుపోలేదు. 1981లో జాఫ్నా గ్రంథాలయం దాదాపు 97 వేల పుస్తకాలతో తగలబడింది. 1983 జులైలో ఈలం కోసం ఆయుధం పట్టిన ఎల్టీటీఈ పులులు 13 మంది సైనికులను చంపారు. కొలంబోలో తమిళుల ఇళ్లు, దుకాణాలు వెతికి మరీ కాల్చారు, మూక చేతుల్లో ఓటర్ల జాబితాలు ఉన్నాయి. వేర్పాటును వదులుకుంటామని ప్రమాణం చేయాలంటూ ఆగస్టులో ఆరో సవరణ తెచ్చారు. కూటమి సభ్యులు సీట్లు పోగొట్టుకున్నారు. అన్నాదురైకి దొరికిన వేదిక కూటమి నాయకుడు అమిర్తలింగానికి మిగల్లేదు. కుర్రాళ్లకు తుపాకీ తప్ప ఇంకేం కనబడుతుంది?

సింహళీయులకూ ఒక వాదం ఉంది, దాన్ని తోసిపుచ్చలేం. వలస పాలనలో మిషనరీ బడులు జాఫ్నాలో ఎక్కువ, ప్రభుత్వ ఉద్యోగాల్లో తమిళుల వాటా జనాభాను మించి ఉండేది. పల్లెటూరి సింహళ కుర్రాడికి ఇంగ్లిషు ఒక గోడ. పైగా జలసంధికి ఇవతల కోట్ల మంది తమిళులు, కాబట్టి దీవిలో మెజారిటీయే అయినా తాము మైనారిటీ అన్న భయం. ఫిర్యాదు న్యాయమైనదే, మందే తప్పు. ఇంగ్లిషును దింపడానికి తమిళాన్ని దింపనక్కర్లేదు. 1944లో సింహళాన్ని అధికార భాష చేయాలని ఇదే జయవర్ధనే తీర్మానం పెడితే, తమిళాన్నీ చేర్చి సభ ఆమోదించింది. అంటే పన్నెండేళ్ల ముందే జవాబు చేతిలో ఉంది. ఇక ఈ వైరం వేల ఏళ్లదనే వాదానికి కాండీ సింహాసనమే సమాధానం. 1739 నుంచి 1815 దాకా ఆ బౌద్ధ రాజ్యాన్ని ఏలింది మధుర నుంచి వెళ్లిన నాయక వంశీయులు, మూలాల్లో మన తెలుగువాళ్లు. చివరి రాజు విక్రమ రాజసింహుడు ఇంగ్లిషువాళ్ల బందీగా వేలూరులో చనిపోయాడు.

మరి పులుల నేరాలో? అవి రాజ్యం ఖాతాలో వేసి కడిగేసుకునేవి కావు. అమిర్తలింగాన్ని 1989లో చంపింది పులులే. అధికార వికేంద్రీకరణకు ముసాయిదాలు రాసిన నీలన్ తిరుచెల్వంను 1999లో చంపిందీ వాళ్లే. 1990 అక్టోబరులో ఉత్తరాది ముస్లింలను, తమిళమే మాతృభాష అయిన డెబ్బయి వేలకు పైగా మనుషులను, ఉన్నపళంగా వెళ్లగొట్టారు. కొలంబో తమకు చేసినదాన్నే వాళ్లు పొరుగువాడికి చేశారు. మరుసటి ఏడాది శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీని చంపారు. అయితే ఈ జాబితాను కాస్త పరికించి చూస్తే, చనిపోయినవాళ్లలో బేరం కుదుర్చుకోగల తమిళులే ఎక్కువగా కనిపిస్తారు. రాజ్యం ఒప్పందాలు చించింది, పులులు ఒప్పందాలు రాయగలవాళ్లనే చంపారు. ఇద్దరికీ మధ్యలో ఉన్నవాడే అడ్డు. 2009 మేలో యుద్ధం ముగిసేనాటికి, చివరి నెలల్లో 40 వేల మంది దాకా పౌరులు చనిపోయి ఉండొచ్చని తర్వాత ఐరాస నిపుణుల బృందం అంచనా కట్టింది.

భారతదేశాన్ని పొగడటం ఇక్కడ ఉద్దేశం కాదు. కశ్మీరులో 1987 ఎన్నికలను చెరిచాక ఏమైందో తెలిసిందే. ఆ ఉదాహరణ ఈ వాదాన్ని కాదనదు, ఇంకా గట్టిపరుస్తుంది. అంతకన్నా గట్టి సాక్ష్యం శ్రీలంకలోనే దొరుకుతుంది. అందరికన్నా ఎక్కువ అన్యాయం జరిగిన తోట తమిళులు ఈలం యుద్ధంలో దిగలేదు. 1964లో రెండు దేశాల ప్రధానులు కుదుర్చుకున్న సిరిమావో-శాస్త్రి ఒప్పందం వాళ్లను సరుకులా పంచింది: 5.25 లక్షల మంది ఇండియాకు, 3 లక్షల మంది సిలోనుకు. అయినా వాళ్ల నాయకుడు తొండమాన్ ప్రత్యేక దేశం తీర్మానానికి దూరంగా జరిగి, 1978లో మంత్రివర్గంలో చేరారు. తోటల్లో సమ్మె కట్టగల కార్మిక సంఘమే ఆయన బలం, దాంతోనే బేరమాడారు. 1988లో ఒకటి, 2003లో ఒకటి చట్టాలొచ్చి, దేశం లేనివాళ్లకు పౌరసత్వం దక్కింది. అదే భాష, అదే రాజ్యం. తేడా ఒక్కటే, ఇచ్చిన మాట ఈసారి నిలబడింది. కూలి, ఇల్లు, నేల మాత్రం ఇంకా ఆ తోటల్లో దొరల చేతుల్లోనే ఉన్నాయి, అది వేరే కథ.

1987లో రాజీవ్‌తో ఒప్పందం మీద సంతకం చేసింది ముప్పై ఏళ్ల క్రితం కాండీకి పాదయాత్ర కట్టిన ఆ జయవర్ధనేనే. అందులోంచి పదమూడో సవరణ, రాష్ట్ర మండళ్లు పుట్టాయి. దాన్ని అమలు చేయించడానికి వెళ్లిన భారత సైన్యం దాదాపు 1,200 మందిని పోగొట్టుకుని వెనుదిరిగింది. ఉత్తర, తూర్పు మండళ్ల కలయికను 2006లో సుప్రీంకోర్టు కొట్టేసింది. భూమి, పోలీసు అధికారాలు కాగితం దాటి రాలేదు. యుద్ధం ముగిసిన నాలుగేళ్లకు, 2013లో, ఉత్తర మండలికి తొలిసారి ఎన్నిక జరిగింది. దాని గడువు 2018 అక్టోబరులో తీరిపోయింది. ఆ తర్వాత అక్కడ మండలి ఎన్నిక జరగలేదు.