నేలకు తోడు

పాలు తోడువేయుట మనలో నెఱుగనివారు లేరు. సలసల కాగుచున్న పాలలో తోడువేసినచో పెరుగు పేరుకొనదు. ఆ చెమ్చాడు మజ్జిగలో కంటికి కానరాని ప్రాణులు కోట్లకొలది కలవు. అవి వేడిమికి చచ్చును. మన పెరటి మన్నుగూడ ఇట్లే ప్రాణులతో నిండినది. దానికిని తోడు కలదు, అదియు చచ్చును. ఈ సంగతి నాకు ఒక బొబ్బర్ల పాదు నేర్పినది.

రెండేండ్ల క్రిందట రైజోబియమను సూక్ష్మజీవులు గల పొట్లమొకటి కొనితెచ్చి, పొయ్యి ప్రక్క గూటిలో నుంచి మఱచితిని. నెల దినముల పిదప దానిని విత్తులకు పట్టించి నాటితిని. మొలకలు వచ్చినవిగాని తీగెలు సాగలేదు. ఒక మొక్కను పెఱికి చూడగా వేళ్లకు బుడిపెలు పట్టుమని పది లేవు. గిల్లగా లోపల తెల్లగా నుండెను. మఱుసటేడు పొట్లమును కుండనీళ్ల ప్రక్క చల్లని తావున నుంచితిని. ఆ యేటి బుడిపెలు గిల్లినప్పుడు లోపల ఎఱ్ఱగా నున్నవి! మన నెత్తురునకు రంగిచ్చు పదార్థమునకు చుట్టమైన దొకటి వానియందు కలదట. ఆ యెఱుపే పని జరుగుచున్నదనుటకు గుఱుతు.

ఏమి పని యందురా? గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. మొక్క దానిలో మునిగియుండియు ఆఁకలిగొన్నదే, నేరుగా తినలేదు గనుక. వేరు బుడిపెలలోని ప్రాణులు దానిని మొక్క తినదగిన రూపమునకు మార్చి యిచ్చును. మొక్క వానికి చక్కెర పెట్టును. 1888లో హాలండు దేశపు శాస్త్రజ్ఞుడు బైజరింకు వీనిని వేఱుచేసి చూపెను. వేళ్లనంటి దారములవలె పాకు శిలీంధ్రములు మఱికొన్ని కలవు. వేరు చేరలేని చోట నుండి భాస్వరమును తెచ్చిపెట్టుట వాని వంతు. యూరియా మెండుగా చల్లిన చేనిలో మాత్రము బుడిపెలు సరిగా కట్టవు. ఊరక కూడు దొరకుచుండగా అతిథులను పోషించుటెందులకని మొక్క తలచును కాబోలు.

అమరకోశము భూమికి చెప్పిన పేళ్లలో సర్వంసహ యొకటి. అన్నియు సహించునను ధీమాతోనే కదా మన మామె సహనమును పరీక్షించితిమి! 1997-98లో మన వరంగల్లు జిల్లాలో ప్రత్తి పురుగుపాలు కాగా, పెట్టుబడుల కప్పులు చేసిన రైతులు ఎందఱో ప్రాణములు తీసికొనిరి. కొందఱు ఆ పురుగుమందునే త్రావిరి. అప్పులు మాత్రము వారి యిల్లాండ్రకు మిగిలినవి.

అప్పటి మన జిల్లాలోనిదే, నేడు జనగామ జిల్లాలో చేరిన ఏనబావి యను చిన్న పల్లె. సుమారు 50 కుటుంబములు, 280 ఎకరముల నేల. ఆ యూరివారు తొలుత పురుగుమందులను, పిదప రసాయనపు టెరువులను మానివేసి, 2006లో తమది రసాయనములు లేని గ్రామమని ప్రకటించుకొనిరి. ఊరంతయు నొక్కమాటపై నిలుచుట యెంత కష్టమో, నలుగురు తోడికోడండ్రున్న యింట మెలగినవారి కెఱుకే. వారు చేలకు పేడయెరువును, చెఱువు పూడికమట్టిని తోలిరి; వానపాముల యెరువును, జీవామృతమును వాడిరి.

జీవామృతమనిన మంత్రజలము కాదు. 200 లీటర్ల నీటిలో పది కిలోల పేడ, పది లీటర్ల ఆవుపంచితము, రెండేసి కిలోల బెల్లము, పప్పుపిండి, పిడికెడు గట్టుమన్ను కలిపి, రెండు దినములు నీడను పులియబెట్టినది. ఇది ఎకరమునకు సరిపోవును. ఇందులో పోషకము స్వల్పమే. దీనినే నమ్మి ఎరువు మానినవారు నష్టపోవుదురు. తోడు చెమ్చాడు చాలును, పాలు మాత్రము కుండెడు కావలెను గదా! మన చెలకనేలలకు ఆ పాలు పేడయు, ఆకుకుళ్లును, చెఱువుమట్టియును.

విత్తనములు దాచుట, పట్టించుట పెక్కిండ్లలో మన చేతిపనియే గనుక ఇంకొక్కమాట. బెల్లపునీటిని కాచినచో పూర్తిగా చల్లార్చిన పిదపనే పొట్లము కలుపుడు. తెగులుమందు పూయవలసియున్న ముందు దానిని పూసి, ఆరిన పిదప దీనిని కడపట పట్టింపుడు. నీడను ఆరబెట్టి ఆనాడే విత్తుడు. శనగకు పనికివచ్చు పొట్లము సోయాకు పనికిరాదు. అంగడివాడు రెండు నొక్కటే యన్నను నమ్మక, పైనున్న పైరు పేరును, గడువు తేదీని చదివి మఱి కొనుడు.