ఇరవై కిలోల గీత

ఇచ్ఛాపురం దగ్గర జాతీయ రహదారి. పలాస, ఆమదాలవలస, బొబ్బిలి, పార్వతీపురం రైల్వే స్టేషన్లు. ఒడిశా కొండల నుంచి మైదానానికి దిగే ఈ దారుల్లో గంజాయి బ్యాగులతో మనుషులు తరచూ పట్టుబడుతుంటారు. వాళ్ళలో ఇరవై, ఇరవై అయిదేళ్ళ కుర్రాళ్ళు చాలామంది. బ్యాగు మోసినందుకు కాస్త కూలి దొరుకుతుంది, అంతే. సరుకు అమ్మినవాడు, కొనేవాడు కేసు కాగితాల్లో చాలాసార్లు ‘పరారీ’లో ఉంటారు.

పట్టుబడిన కుర్రాడు దోషా కాదా అన్నది విచారణలో తేలుతుంది. తేలేదాకా అతను విచారణ ఖైదీ (శిక్ష పడకుండా, తీర్పు కోసం జైల్లో ఉండే వ్యక్తి). 2022 చివరికి దేశంలోని జైళ్ళలో ఉన్న 5.73 లక్షల మందిలో 4.34 లక్షల మంది ఇలాంటివాళ్ళే. వారిలో దాదాపు సగం మంది ముప్పై ఏళ్ళ లోపువారు.

‘మా గుంటడు ఎప్పుడొస్తాడు బాబూ’ అని తల్లి అడిగితే వకీలు సూటిగా చెప్పలేడు. ఆ జవాబు సగం తక్కెడ మీదే తేలిపోతుంది.

బ్యాగు తెరుస్తారు. లోపల గోధుమరంగు టేపు చుట్టిన పొట్లాలు. మధ్యవర్తుల (స్వాధీనానికి సాక్షులుగా పిలిచేవారు, ఎక్కువగా వీఆర్వోలు) ఎదుట తూకం వేసి నివేదిక రాస్తారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం కిలో వరకు ఉంటే చిన్న పరిమాణం. దానికి శిక్ష ఏడాది దాటదు. ఇరవై కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. దానికి పదేళ్ళకు తగ్గకుండా ఇరవై ఏళ్ళ దాకా జైలు. మధ్యలో ఉంటే పదేళ్ళ వరకు.

ఇరవై దాటగానే మారేది శిక్ష ఒక్కటే కాదు, బెయిలు దారి కూడా. మామూలు కేసులో ముద్దాయి పారిపోతాడా, సాక్షుల్ని బెదిరిస్తాడా అని కోర్టు చూస్తుంది. వాణిజ్య పరిమాణం కేసుకు 37వ సెక్షన్ వర్తిస్తుంది. అప్పుడు ముద్దాయి నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలుండాలి. బయటికెళ్తే మళ్ళీ నేరం చేయడన్న నమ్మకమూ కోర్టుకు కలగాలి. సాక్షుల్ని ఇంకా విచారించని దశలో మొదటిది చూపించడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. అందుకే వకీళ్ళు తూకం మీదే పట్టుబడతారు. చట్టంలో గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న కొనలు. ఆ కొనలు లేకుండా విడిగా ఉన్న ఆకూ గింజా గంజాయి కిందకు రావు. ఇరవై ఒకటి, ఇరవై రెండు కిలోల కేసుల్లో వాదనంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

రెండోది రోజుల లెక్క. అరెస్టయిన ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. అక్కడి నుంచి అంపోలు జిల్లా జైలుకో, విశాఖ కేంద్ర కారాగారానికో పంపుతారు. మామూలు నేరాలకైతే పోలీసులు 60 లేక 90 రోజుల్లో చార్జిషీటు (అభియోగపత్రం) వేయాలి. వాణిజ్య పరిమాణం కేసులో గడువు 180 రోజులు. ప్రాసిక్యూటర్ కారణాలు చూపి కోరితే ఏడాది దాకా పొడిగించవచ్చు. గడువు దాటినా చార్జిషీటు రాకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. కానీ అడిగితేనే వస్తుంది. 181వ రోజున దరఖాస్తు పెట్టకుండా ఊరుకుని, ఈలోగా చార్జిషీటు పడితే ఆ హక్కు పోయినట్టే. వకీలు లేని కుర్రాడికి ఆ తారీఖు ఎవరు గుర్తు చేయాలి?

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 479వ సెక్షన్ గురించి చాలామంది ఆశగా అడుగుతున్నారు. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవారు గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం జైల్లో గడిపితే బెయిలివ్వాలంటుంది అది. ఇరవై ఏళ్ళలో మూడోవంతంటే ఆరేళ్ళ ఎనిమిది నెలలు! దానికంటే 2023లో ఢిల్లీ గంజాయి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఎక్కువ అక్కరకొస్తుంది. ఏడేళ్ళు దాటినా విచారణ ముగియక ఆ కేసులో జైల్లోనే ఉన్న యువకుడికి కోర్టు బెయిలిచ్చింది. విచారణ మితిమీరి ఆలస్యమైతే 37వ సెక్షన్ బెయిలుకు అడ్డు కాదన్నది.

ఆలస్యం ఈ ప్రాంతానికి కొత్త కాదు. శ్రీకాకుళం గిరిజన ఉద్యమం తర్వాత పెట్టిన పార్వతీపురం కుట్ర కేసులో అరెస్టులు 1970 నాటికే జరిగితే, తీర్పు 1976లో వచ్చింది. ఇప్పటి కారణాలు అంత పెద్దవేం కావు. నివేదిక మీద సంతకం పెట్టిన వీఆర్వో వేరే మండలానికి బదిలీ అయ్యుంటాడు, ప్రయోగశాల రిపోర్టు అందదు, ఎస్కార్టు పోలీసులు బందోబస్తుకు వెళ్తారు. వాయిదా పడుతుంది.

అసలు చిక్కు బెయిలు వచ్చాక మొదలవుతుందని నా అభిప్రాయం. ఇద్దరు జామీనుదారులు కావాలంటారు. వాళ్ళకు ఆస్తి కాగితమో జీతం కాగితమో ఉండాలి. తమిళనాడు నుంచో కేరళ నుంచో వచ్చి పట్టుబడినవాడికి ఇక్కడ ఎవరుంటారు? సరిహద్దు కొండల్లోని గిరిజన కుర్రాడి ఇంట్లో ఉన్నది అటవీ హక్కుల పట్టా. ఆ భూమిని అమ్మడానికి వీల్లేదు. అమ్మలేని భూమిని జామీనుగా చూపడమూ కష్టమే. పరాయి జిల్లావాడన్న కారణంతో జామీనుదారును కాదనకూడదని జస్టిస్ కృష్ణయ్యర్ 1978లోనే తీర్పు రాశారు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు మరికొంత ముందుకెళ్ళింది. బెయిలొచ్చి వారమైనా విడుదల కాకపోతే జైలు అధికారి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలంది. నెలలోగా జామీను ఇవ్వలేకపోతే కోర్టు తనంతట తానే షరతులు సడలించే ఆలోచన చేయవచ్చు.

పద్దెనిమిది నిండనివారి సంగతి పూర్తిగా వేరు. బాలల న్యాయ చట్టం 12వ సెక్షన్ ప్రకారం మిగతా చట్టాల్లో ఏమున్నా బెయిలే నియమం, నిరాకరణ మినహాయింపు. ఉంచాల్సి వస్తే పరిశీలన గృహంలో ఉంచాలి తప్ప జైల్లో కాదు. వయసుకు ముందు చూసేది బడి ఇచ్చిన పుట్టిన తేదీ ధ్రువపత్రం లేదా పదో తరగతి ధ్రువపత్రం. అవి లేకపోతే పంచాయతీ ఇచ్చే జనన పత్రం, ఏదీ లేకుంటేనే వైద్య పరీక్ష. ఆధార్‌లోని తేదీ చాలదు. కాబట్టి అనుమానముంటే బడి ధ్రువపత్రం మొదటి వాయిదాకే కోర్టుకు చేరాలి.

కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో పని లేకుండా, ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతుంది. అందుకోసం న్యాయ సేవాధికార సంస్థ ఫోన్ నంబరు 15100. చేసేముందు ఎఫ్ఐఆర్ నంబరు, రిమాండ్ తేదీ, నివేదికలో రాసిన తూకం దగ్గర పెట్టుకోవాలి. చార్జిషీటు పడిందో లేదో కూడా కనుక్కోవాలి. అవతలివాళ్ళు ముందుగా అడిగేవి ఇవే.