ఫోల్డరు తెరుచుకోవడం ఆలస్యమా? ముందు నకలు, తర్వాతే మరమ్మతు

భూమి కాగితాల నకళ్లు, పిల్లల మార్కుల జాబితాలు, పెళ్లి ఫోటోలు... ఇప్పుడు చాలా ఇళ్లలో ఇవన్నీ కంప్యూటరులోనే ఉంటున్నాయి. తీరా అవసరపడి ఫోల్డరు మీద నొక్కితే, లోపల ఉన్నవి కనిపించడానికి నిమిషాల తరబడి కాచుకోవలసి రావడం కద్దు. యంత్రం పాతబడిందని కొత్తది కొనబోయేవారు కొందరు. ఎవరి మాటో విని డిస్కులో ఉన్నదంతా చెరిపించుకుని తర్వాత లబోదిబోమనేవారు మరికొందరు. రెండింటికీ తొందర పనికిరాదు.

ముందుగా తేల్చుకోవలసింది ఒక్కటే. ఆలస్యం అన్ని ఫోల్డర్లలోనా, ఏదో ఒకదానిలోనా?

ఒకదానిలోనే అయితే తప్పు చాలావరకు ఆ ఫోల్డరు అమరికది. విండోస్‌లో ప్రతి ఫోల్డరుకూ ఒక తరహా ఉంటుంది. ఫోటోలు, వీడియోల తరహా అయితే కంప్యూటరు ఒక్కో ఫైలుకూ చిన్న బొమ్మ తయారుచేసి, తీసిన తేదీ వంటి వివరాలు చదవబోతుంది. బస్తాలు లెక్కపెట్టమంటే ప్రతి బస్తా విప్పి గింజలు చూసినట్టన్నమాట. వేల ఫైళ్లుంటే ఆలస్యం కాక మానదు.

దీనికి విరుగుడు సులువే. ఫోల్డరు మీద మౌసు కుడి మీట నొక్కి ‘ప్రాపర్టీస్’, అందులో ‘కస్టమైజ్’ తెరవాలి. ‘ఆప్టిమైజ్ దిస్ ఫోల్డర్ ఫర్’ అన్నచోట ‘జనరల్ ఐటమ్స్’ ఎంచుకుని ఓకే నొక్కాలి. ‘డౌన్‌లోడ్స్’లో ఏళ్ల తరబడి పేరుకున్నవాటిని ఏడాదివారీగా వేరే ఫోల్డర్లలో సర్దుకుంటే ఇంకా మంచిది.

అన్నీ ఆలస్యమైతే కారణాలు వేరు. ఎప్పుడో కలిపి, ఇప్పుడు అందుబాటులో లేని నెట్‌వర్కు డ్రైవు కోసం కంప్యూటరు వెతుకుతూ ఉండవచ్చు. ‘దిస్ పీసీ’లో దానిమీద కుడి మీట నొక్కి ‘డిస్‌కనెక్ట్’ చేయాలి. ‘ఫోల్డర్ ఆప్షన్స్’లో ‘ప్రైవసీ’ కింద ‘క్లియర్’ నొక్కితే ఇటీవల తెరిచిన ఫైళ్ల జాబితా పోతుంది. పోయేది జాబితాయే, ఫైళ్లు కావు. సీ డ్రైవు నిండిపోయిందేమో కూడా చూసుకోవాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో డిస్కు ఎంతసేపటికీ 100 శాతం దగ్గరే నిలిచి ఉంటే, దాన్ని ఏ ప్రోగ్రాము వాడుతోందో అక్కడే తెలుస్తుంది.

అసలు ప్రమాదం మరొకటి. పాత హార్డు డిస్కులో పళ్లెం నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతుంది. అది పాడవుతున్నప్పుడు కూడా ఫోల్డర్లు నెమ్మదిస్తాయి. టకటకమని శబ్దం వస్తున్నా, నిన్న తెరుచుకున్న ఫోటో నేడు తెరుచుకోకున్నా మరమ్మతులన్నీ ఆపాలి. డిస్కును పరీక్షించే ప్రోగ్రాములు సైతం ఆ స్థితిలో దానిపై మరింత భారం మోపుతాయి. ముందుగా ముఖ్యమైన కాగితాలు, తర్వాత ఫోటోలు పెన్‌డ్రైవులోకో, బయటి డిస్కులోకో ఎక్కించాలి.

ఆ తర్వాత తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ వేయించుకుంటే పాత కంప్యూటరే చురుగ్గా పనిచేస్తుంది. అయితే బాగుచేసేవారు ‘ఫార్మాట్’ చేయాలంటే, నకలు తీసి, అది మరో కంప్యూటరులో తెరుచుకుంటోందని కళ్లారా చూసుకున్నాకే సరేననాలి. యంత్రం పోతే మరొకటి కొనుక్కోవచ్చు. పోయిన పెళ్లి ఫోటోలు ఏ దుకాణంలోనూ దొరకవు.