కేకు మీద ధర్మవరం అంచు

పుట్టినరోజంటే తలంటి పోసి, కొత్త గుడ్డ కట్టబెట్టి, పాయసం వండి, పెద్దల కాళ్లకు దండం పెట్టించడం మన ఇళ్ల ఆనవాయితీ. ఆ ఆనవాయితీ పోలేదు గాని, దాని పక్కన కేకు కూడా వచ్చి పీట వేసికొని కూర్చున్నది. మా పావగడ తాలూకాలో కాస్త పెద్ద ఊరు ఏదైనా సరే, బస్సు దిగితే ఒక బేకరీ, దాని అద్దాల బీరువాలో గులాబీలు పెట్టిన కేకులు. అన్నిటి మీదా అవే గులాబీలు, అవే వంకర అక్షరాలు. పిల్ల పేరు ఒక్కటే మారుతుంది.

ఆ గులాబీలకు బదులు మన చీరల పనితనం కేకు మీదికి తెస్తే ఎట్లా ఉంటుందని మేము రెండేళ్లుగా తంటాలు పడుతున్నాము. పట్టణాలలో ఇది కొత్త సంగతి కాదు. పెళ్లికూతురి చీర ఫోటో చూపిస్తే ఆ రంగు, ఆ అంచు కేకు మీద దించి ఇచ్చేవారు బెంగుళూరులో ఉన్నారు, హైదరాబాదులో ఉన్నారు. దానికి వేలలో పుచ్చుకొంటారు. మేము చెప్పబోయేది ఇంట్లో, చాకూ, కత్తెరా, కాగితమూ పెట్టుకొని చేసిన పని. అందులో మేము తిన్న దెబ్బలు, చివరకు మా అత్తగారు దిద్దిన తప్పు కూడా దాచకుండా చెబుతాము.

బట్టకూ కేకుకూ చుట్టరికం మేము కలిపినది కాదు. 1840లో ఇంగ్లండులో విక్టోరియా రాణి పెళ్లికి చేసిన కేకు సుమారు 300 పౌన్ల బరువు, మూడు గజాల చుట్టుకొలత అని చెబుతారు. అంటే మన ఆరు గజాల చీర అంచు దాని చుట్టూ రెండు చుట్లు వచ్చేదన్న మాట. రాణి తెల్లని పట్టు గౌను మీద లేసు వేసికొన్నది; కేకు కూడా తెల్లని చక్కెర పూతతోనే వచ్చినది. తరువాత ఆ తెల్లని గౌనూ తెల్లని కేకూ జతగా లోకమంతా తిరిగినవి. లేసు అల్లిక చూచి చక్కెర తీగలు లాగడం అక్కడివారికి ఒక విద్య అయినది. జోసెఫ్ లాంబెత్ అనే ఆయన 1934లో ఆ విద్య మీద ఒక పుస్తకమే అచ్చు వేయించాడు. ఒక గీత మీద సన్నగా మరొక గీత, దాని మీద ఇంకా సన్నగా ఇంకొకటి పోసికొంటూ పోవడం ఆయన పద్ధతి. రవికెల మీద మగ్గం పని చూచిన కళ్లకు అదేమంత కొత్తగా తోచదు.

మన దేశంలో మొదటి క్రిస్మస్ కేకు 1883లో తలశ్శేరిలో మంబల్లి బాపు చేశాడంటారు. మన వైపుకు కేకు వచ్చినది మాత్రం బెంగుళూరు దారినే. హాసన వైపు నుండి వచ్చిన అయ్యంగారులు చిక్కపేటలో 1898లో పెట్టిన బేకరీతో మొదలై, ఆ పేరుతో ఊరూరా బేకరీలు వెలసినవి. వారి పుణ్యమా అని గుడ్డు తగలని కేకు కూడా దొరికినది. లేకపోతే శనివారం శని మహాత్ముని గుడికి పోయి నువ్వుల నూనె దీపం పెట్టి వచ్చే మా ఇళ్లలోకి అది గడప దాటి వచ్చేది కాదు. బెంగుళూరులో 1970ల నుండి డిసెంబరు నెలలో కేకుల ప్రదర్శన జరుపుతూ వచ్చారు. మేమూ ఒక ఏడు పోయి వరుసలో నిలబడి చూచాము. చక్కెర కోటలు చూచాము, చక్కెర గుళ్లు చూచాము. చీర మాత్రం ఆ ఏడు మా కంటబడలేదు.

చీర మాట మాకే ఎందుకు తోచినదంటే, మేము కూర్చున్న చోటు అటువంటిది. మ్యాపు తీసి చూడండి: మా తాలూకా కర్ణాటకదే గాని మూడు వైపులా ఆంధ్రమే. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, సంతలో రెండూ. పెళ్లి బట్టలకు మా పెద్దలు తుమకూరు పోలేదు, ధర్మవరం పోయినారు. హిందూపురం దాటి సుమారు 15 కిలోమీటర్లు పోతే లేపాక్షి. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ కట్టించిన ఆ వీరభద్రస్వామి గుడిలో లతా మంటపం స్తంభాల మీద చెక్కిన తీగలు, హంసలు, చక్రాలు ఇప్పటికీ చీరల అంచుల మీద నడుస్తున్నవి. తల ఎత్తి కప్పు మీది బొమ్మలు చూస్తే, అందులోని ఆడవారు కట్టిన చీరల గళ్లూ చారలూ ఒకదాని వంటిది ఒకటి లేదు. నాలుగు వందల ఏళ్లకు పైగా అక్కడ నిలబడి ఉన్న నమూనాల పుస్తకం అది. రాతి మీద నుండి పట్టు మీదికి వచ్చినది చక్కెర మీదికి మాత్రం ఎందుకు రాకూడదు?

ఇక మా ఇంటి సంగతి. మా అత్తగారి పెళ్లిచీర ధర్మవరందే. వంగపండు రంగు, ఆకుపచ్చ అంచు, అంచు మీద జరీ గోపురాలు, గోపురాల కింద రుద్రాక్షల వరుస. ఆ చీర ఇప్పుడు లేదు. పాతికేళ్ల కిందట, వేరుసెనగ కాయ ఎండిపోయిన ఒక కరువు ఏట, పాత జరీ చీరలు కొంటామని కేక వేసికొంటూ వచ్చినవానికి ఆమె తన చేతులతోనే ఇచ్చివేసినది. పాత కాలపు జరీ అంటే పట్టు దారం మీద వెండి తీగ చుట్టి బంగారు నీరు పోసినది. అటువంటి చీరను కాల్చి వెండి తీసికొంటారు. ఆమె దానిని గురించి ఎన్నడూ మాట్లాడలేదు. మేమూ అడగలేదు. అంచు చిరిగిన చోట ముందే కత్తిరించి, దేవుని పీట మీద పరిచే గుడ్డకు కుట్టిన జానెడు పేలిక ఒక్కటి మిగిలినది.

ఆమెకు ఎనభై నిండే రోజుకు ఆ అంచు కేకు మీద తేవాలని మా కోరిక. ముందు చెయ్యి తిరగాలి గదా అని, మే నెలలో వచ్చిన మా మనుమని పుట్టినరోజుకు ఒక ప్రయోగం చేశాము. వెన్న, చక్కెర గిలకొట్టిన క్రీముతో అంచు పోశాము. ఎంతో ముద్దుగా వచ్చినది. మధ్యాహ్నం రెండు గంటలకు కరెంటు పోయినది. తిరుమణి దగ్గర 2,050 మెగావాట్ల సౌర విద్యుత్తు పండే తాలూకాలో మా ఫ్రిజ్జు చల్లబడలేదు; దానికి ఎవరినీ అనేది లేదు, మా వీధి తీగే తెగినది. నాలుగు గంటలకు చూస్తే, కొత్త కోడలికి చీర జారినట్లు అంచంతా పళ్లెంలోకి జారి కూర్చున్నది. పిల్లలు చెంచాలతో తిన్నారు. వారికి ఏ అంచయితేనేం!

వెన్న మన ఎండకు ఆగదు. ముప్పైరెండు, ముప్పైమూడు డిగ్రీలకే అది నీరు విడుస్తుంది. అందుచేత రెండవసారి తెల్ల చాక్లెట్టు మూడు పాళ్లు, క్రీము ఒక పాలు తూకం వేసి కరగబెట్టి, ఒక రాత్రి ఆరబెట్టిన ముద్దతో కేకు పూశాము. ఇది గట్టిగా నిలుస్తుంది. రంగు కలపాలంటే నూనెలో కరిగే రంగే తేవాలి. నీటి రంగు చుక్క పడితే చాక్లెట్టు విరిగి గడ్డ కడుతుంది. అంచుకు చక్కెర ముద్దను చపాతీ వలె పలుచగా వత్తి కత్తిరించాము. కొట్లో దొరికే చక్కెర ముద్దలలో కొన్నిటిలో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల ఎముకల నుండి, చర్మం నుండి తీసేది. శాకాహారులు డబ్బా మీద పచ్చ చుక్క చూచి మరీ కొనండి.

బంగారు పొడి గురించి ఒక మాట గట్టిగా చెప్పక తప్పదు. జరీ మెరుపు కోసం అందరూ దానికే పరుగెత్తుతారు. విషం కాదని వ్రాసి ఉన్నంత మాత్రాన అది తినదగినదని అర్థం కాదు. అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రంలో 2018లో ఇటువంటి పొడి పూసిన పుట్టినరోజు కేకు తిని ఆరుగురు పిల్లలు వాంతులు చేసికొన్నారు. చూస్తే ఆ పొడిలో ఉన్నది రాగి. తినదగినదని స్పష్టంగా వ్రాసి, లోపల ఏమున్నదో పేర్లు ఇచ్చిన డబ్బా దొరికితే తెండి. లేకుంటే పసుపు కలిసిన లేత మీగడ రంగు చాలు. మేము అదే వాడినాము. మెరవలేదు, కాని పాత జరీ మాత్రం ఎన్నాళ్లు మెరుస్తుంది?

అసలు చిక్కు లెక్కలో వచ్చినది. చీర అంచు ఆరు గజాలు పొడుగునా పోతుంది. చివర సగం గోపురం తెగినా కుచ్చెళ్లలో పోతుంది, ఎవరికీ కనబడదు. గుండ్రని కేకు మీద మొదలూ చివరా ఒకచోటే కలుస్తవి. మేము మొదట గోపురాన్ని కొలిచి కోసుకొంటూ పోతే పదిహేనున్నర వచ్చినవి. ఆ అర గోపురం ఎవరి మొహాన పెట్టాలి? అప్పుడు తట్టినది. పూత పూసిన తరువాత కేకు చుట్టూ ఒక కాగితం పట్టీ చుట్టి, సరిగా కలిసే చోట కత్తిరించి, దానిని నాలుగు మార్లు మడవాలి. విప్పితే పదహారు సమాన భాగాలు. ఎనిమిది అంగుళాల కేకుకు చుట్టుకొలత పాతిక అంగుళాలు గనుక ఒక్కొక్క గోపురానికి అంగుళంన్నర పైచిల్లర. పూత పూయకముందు టిన్ను చుట్టూ కొలిస్తే మాత్రం తప్పుతుంది, పూత మందం కలవదు. నలుచదరపు కేకు అయితే చీర మనకు సాయం రాదు. చీర అంచుకు మూల తిరగడం తెలియదు. అక్కడ ముగ్గును అడగాలి. చుక్కల ముగ్గు వేసే ఆడదానికి మూల తిప్పడం ఒకరు నేర్పాలా?

ఇంకొక సంగతి. కొత్తగా చేసేవారు చీర మీద ఉన్నదంతా కేకు మీద కుమ్మరిస్తారు: అంచూ, బుటాలూ, నెమళ్లూ, కొంగూ. ధర్మవరం చీర అందమంతా వెడల్పాటి అంచుకూ, సాదా ఒంటికీ మధ్య ఉన్న ఎడంలో ఉన్నది. నాలుగు అంగుళాల ఎత్తు కేకులో అంగుళంపావు అంచుకు ఇచ్చి తక్కినది ఖాళీగా వదిలాము. మా ఆడపడుచు చూచి, "ఏం వదినా, సామాను అయిపోయిందా?" అన్నది. అననీ.

శ్రావణంలో ఆ రోజు వచ్చినది. వంగపండు రంగు కేకు, ఆకుపచ్చ పట్టీ, దాని మీద పదహారు గోపురాలు, రుద్రాక్షలకు చిటికెన వేలితో చుట్టిన చక్కెర పూసలు. గోపురాలను పై అంచు నుండి తోరణం వలె కిందికి వేలాడదీశాము. ఈ మధ్య ఫ్యాషను అది గదా. అత్తగారు కళ్లద్దాలు పెట్టుకొని చుట్టూ ఒకసారి తిరిగి చూచినది. మేము ఊపిరి బిగబట్టి నిలబడ్డాము.

"ఏం మే, ఇది నా పెండ్లిచీర అంచు గదా?"

"అవునత్తా."

"గోపురాలు తలకిందులు పెట్టినావే! గుడి గోపురం యాడన్నా నేల చూస్తాదా? అంచు కాళ్ల కాడ ఉంటాది, గోపురం పైకి చూస్తాది."

నిజమే. ఫ్యాషను చూచినాము గాని, చీర కట్టినప్పుడు అంచు ఎక్కడ ఉంటుందో చూడలేదు. ఇంతమందిమి చీరలు కట్టేవారమై ఉండి! అత్తగారు కుర్చీ లాగించుకొని కూర్చున్నది. చాకుతో పట్టీని ఊడదీసి, గోపురాలను ఒక్కొక్కటే తిప్పి, కేకు అడుగున పైకి చూచేటట్లు పెట్టించినది. మూడు విరిగినవి, మళ్లీ కోశాము. ముక్కాలు గంట పట్టినది. వచ్చినవారంతా కాఫీలు తాగుతూ కూర్చున్నారు. ఆ ముక్కాలు గంటలోనే, పాతికేళ్లలో మొదటిసారి, ఆమె ఆ చీర కథ చెప్పినది: ఎంతకు కొన్నారో, మగ్గం దగ్గర తండ్రి ఎంతసేపు బేరమాడినాడో, అమ్మిన డబ్బుతో ఆ ఏడు ఎవరి బడి ఫీజు కట్టినదో. ఆ ఫీజు ఎవరిదో వినగానే మా వారు లేచి పెరటిలోకి పోయినారు.

ఈ పని అమ్మకానికి చేసే చెల్లెళ్లకు మాత్రం ఒక సందేహం ఉండాలి. గోపురం, రుద్రాక్ష, మామిడి పిందె అందరి సొత్తు, ఎవరైనా వేయవచ్చు. కాని ఈనాడు ఒక నేతగాడు కొత్తగా గీయించిన నమూనా అటువంటిది కాదు. గడుల కాగితం మీద ఒక్కొక్క చుక్కా నింపి, అట్టలకు చిల్లులు పొడిచి జాకార్డు మీదికి ఎక్కించడానికి ఎంత శ్రమో మగ్గం చూచినవారికి తెలుసు. చేనేతకు కొన్ని రకాలు కేటాయిస్తూ 1985లో చట్టం చేసినా, మరమగ్గాలు ఆ నమూనాలను దించివేస్తూనే ఉన్నవి. మనం కేకు మీద దించితే వారి చీర అమ్మకం తగ్గదు, నిజమే. అయినా పెట్టె మీద ఇది ధర్మవరం అంచు అని ఒక చీటీ అంటించడానికి ఏమి ఖర్చు? నేతగాడెవరో తెలిస్తే అతని పేరూ వ్రాయండి.

కేకు కోసే వేళకు అత్తగారు అంచు తగలకుండా పైన మధ్యలో ఒక చిన్న ముక్క కోసి, నోట్లో వేసికొని, తక్కినది పిల్లలకు వదిలినది. నిమిషంలో గోపురాలన్నీ వారి జేబులలోకి, నోళ్లలోకి పోయినవి. మడతల కాగితం పట్టీ మాత్రం ఆమె అడిగి తీసికొని పాత చీరల పెట్టెలో పెట్టినది. మొన్న పక్కింటి పిల్ల, తన అక్క పెండ్లి కేకుకు కావాలని దాని కోసం వచ్చినది. అత్తగారు తీసి ఇస్తూ, గోపురాలు పైకి చూడాలని మూడు మార్లు చెప్పి, ఆదివారంలోగా తెచ్చి ఇవ్వమన్నది.