పెరటిచెట్టు మందుకు వచ్చును

తరగతిలో పిల్లలు నవ్వినపుడు పలువరుసపై గోధుమవన్నె చారలు కనబడుట ధర్మపురి జిల్లాలో పనిచేయు ఏ యుపాధ్యాయునకును క్రొత్త గాదు. అవి పండ్లు తోమనందువలన వచ్చినవి కావు. ఈ ప్రాంతమున రాతినేలను తొలిచి తీసిన లోతుబోర్ల నీటిలో పలుచోట్ల ఫ్లోరైడు మితిమీరియున్నది. లీటరు నీటిలో అది 1.5 మిల్లీగ్రాములను మించినచో, పండ్లు ఏర్పడు వయస్సులోని బిడ్డల పంటి పింగాణిని చెరచును. ఏండ్లతరబడి త్రాగినచో ఎముకలను, కీళ్లను బిగియజేయును. మన తెలుగువారికి ఈ వ్యాధితో పరిచయము పాతదే. భారతదేశమున దీనిని గూర్చి మొదట 1937లో ప్రకటించినది నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెలను పరీక్షించియే. తరువాత నల్లగొండ పేరు దీనితో ముడివడిపోయినది.

మొట్టమొదట మార్చవలసినది త్రాగునీరు. 2013లో హొగెనకల్ పథకము ప్రారంభమై కావేరీజలము ఈ జిల్లాకు వచ్చినది. ఆ కుళాయినీటిని త్రాగుటకును వంటకును ప్రత్యేకించి, బోరునీటిని స్నానమునకు, బట్టలకు వాడుకొనవలెను. బోరునీటిని కాచినచో దోషము పోవునని కొందరు తలంతురు. పోదు సరిగదా, నీరు ఇగిరినకొలది ఫ్లోరైడు చిక్కబడును. పిల్లలకు చిక్కని టీ అలవాటు చేయుటయు మంచిది కాదు. టీ ఆకులోనే ఫ్లోరైడు కలదు.

ఇక రెండవది ఆహారము. భోజనములో సున్నము, అనగా కాల్షియము, తగినంత యున్నచో కడుపులోనే ఫ్లోరైడుతో కలిసి అది రక్తమున చేరుటను కొంత తగ్గించును. పాలు నిత్యము కొనలేని యింటికి పెరడే దిక్కు. నూరు గ్రాముల ఆవుపాలలో కాల్షియము సుమారు 120 మిల్లీగ్రాములు. అంతే తూకము మునగాకులో 440, పొన్నగంటికూరలో 510, కరివేపాకులో 830, అవిసె ఆకులో 1130. కరివేపాకును విస్తరి అంచున తీసిపెట్టు పిల్లలకు దానిని పొడిగొట్టి అన్నములో కలిపి పెట్టుట మేలు. అయితే ఆకుకూరలోని సున్నమంతయు ఒంటికి పట్టదు. పాలకూరలో నున్నది బహుస్వల్పముగానే అందును. కావున ఒకే కూరను నమ్మక మార్చిమార్చి వండవలెను. పెరటిచెట్టు మందుకు రాదను సామెత మనలో నున్నది గాని, మునగచెట్టు విషయమున అది చెల్లదు.

పెరియకుళము ఉద్యానకళాశాలవారు 1989లో విడుదల చేసిన పి.కె.ఎం.1 అను మునగ విత్తనముచేతనే పెరుగును. తమిళులు ఆడిపట్టమనెడి కాలమున, అనగా జూలై నడిమినుండి, అడుగున్నర గుంటలో మాగిన యెరువు నింపి రెండేసి గింజలు నాటవలెను. మొక్క రెండున్నర అడుగులైనపుడు కొన గిల్లినచో కొమ్మలు విచ్చుకొనును. ఆరునెలలకు కాయ చేతికి వచ్చును. కాపు ముగిసినపిదప మూడడుగుల మోడు విడిచి నరికినచో మరల చిగుర్చును. అవిసెను కంచెవెంట నాటినచో చోటు పట్టదు. మన పొరుగువారు ద్వాదశిపారణకు అగత్తికీరై అని వెదకునది ఇదియే. మన పిల్లలకు అగత్తి, మురుంగై అను పేర్లు తెలిసినంతగా అవిసె, మునగ తెలియవు. రెండు పేర్లును తెలిసియుండుట తెలుగు బిడ్డకు ఆస్తి. కూర కోయునపుడు తల్లి పలికినచో చాలును.

గ్రుడ్డు తిను కుటుంబములవారు నాలుగైదు కోళ్లను గూడ పెంచవచ్చును. బిడ్డ యెదుగుదలకు వలయు మంచి మాంసకృత్తులు గ్రుడ్డులో నున్నవి. నాటుకోడి ఏటికి అరువది డెబ్బది గ్రుడ్లకు మించి పెట్టుట అరుదు. హైదరాబాదు రాజేంద్రనగరములోని కోళ్ల పరిశోధనాలయము పెరటికొరకే తీర్చిన గ్రామప్రియ జాతి, మేత బాగుగా పెట్టినచో, దానికి రెండింతలకుపైగా పెట్టును. కాని అది పొదుగుట అరుదు. అందుచేత ఒక నాటుపెట్టను తప్పక ఉంచుకొని, పది పండ్రెండు గ్రుడ్లను దానిక్రింద పెట్టవలెను. ఇరువదియొకటవ దినమున పిల్లలు వెలువడును. వాటికి చెదలు అమృతప్రాయము. పాతకుండలో తడిగోనె, పేడ, ఎండుటాకులు కుక్కి సాయంకాలము చెదలపుట్టకడ బోర్లించినచో తెల్లవారుసరికి చెదలు చేరియుండును. ఇది ఇక్కడి రైతులు ఎరిగిన ఉపాయమే. మధ్యాహ్నము పెరటిలో ఏరుకొనిన కోడికి సాయంకాలము పిడికెడు రాగులు, కొంచెము మునగాకు చాలును.

కోడికిని తోటకును పొత్తు కుదురుట మాత్రము సులభము కాదు. కోడి లేతమొక్కను బ్రతుకనీయదు. మొక్కలు మోకాలెత్తు పెరుగువరకు ముళ్లకంప చుట్టవలెను. పిదప కోళ్లే పురుగులను ఏరును. పచ్చి కోళ్లపెంటను మొదళ్లలో వేసినచో వేళ్లు మాడును. రెండు మూడు నెలలు ఆకుచెత్తతో కలిపి మాగనిచ్చి వేయవలెను. గూడు బావికి దూరముగా, నేలకు రెండడుగుల ఎత్తున ఉండవలెను. ముంగిస, పిల్లి చొరరాని తలుపు ముఖ్యము. గ్రుడ్లు తెచ్చిన పిల్లలు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

కోళ్లను ఒక్కవారములో తుడిచిపెట్టునది కొక్కెర తెగులు. తమిళమున దీనిని వెళ్లైక్కళిచ్చల్ అందురు. మెడ వంకరపోయి, తెల్లని ఆకుపచ్చని విరేచనములు మొదలైనపిదప మందు లేదు. ముందుగా టీకా వేయించుటయే మార్గము. మొదటి వారములో కంటిలో చుక్క, నాలుగవ వారమున మరల చుక్క, ఎనిమిదవ వారమున సూదిమందు. వేసవి రాకముందు, సాధారణముగా ఫిబ్రవరిలో, పశుసంవర్ధకశాఖవారు ఊరూర ఈ టీకా వేయుదురు. ఆ దినము కోళ్లను ఉదయమున గూటినుండి విడువక ఉంచినచో పట్టుకొనుట సులభము. మొక్కలను గూర్చి సందేహములున్నవారు పాప్పారపట్టిలోని కృషి విజ్ఞాన కేంద్రమున విచారింపవచ్చును.